గోడమీది పటములు

మన యిండ్లకు వెల్లవేయునప్పుడును, పాత మిద్దె పడగొట్టి క్రొత్త మేడ కట్టునప్పుడును మొట్టమొదట వీధికి చేరునవి గోడమీది పటములు. ఇత్తడి బిందెను పారవేయుటకు ఎవరికిని మనసొప్పదు; తాతగారి మందసమును ఏదో యొక మూల దాచుదురు. పటము మాత్రము, అద్దము పగిలినదనియో, రంగు మాసినదనియో, క్రొత్త గోడకు మేకు కొట్టరాదనియో, పాత సామాన్ల వర్తకుని చేతికి పోవుచున్నది. అతడు టేకు చట్రమునకును అద్దమునకును వెల కట్టును. లోపలి కాగితమును గూర్చి మాటాడడు; మాటాడకుండుటయే అతనికి లాభము. పెద్ద పట్టణములలో చట్రముకంటె ఆ కాగితమునకే ఎక్కువ వెల పలుకవచ్చునని అతనికి తెలియును, మనకు తెలియదు.

వెల కొరకు మేమీ వ్యాసము వ్రాయుటలేదు. మన పిల్లలు వీధిలో ఒక భాష, తరగతిలో రెండు మూడు భాషలు, ఇంట తెలుగు వినుచు పెరుగుచున్నారు. ఇంట వినబడు తెలుగునకు ఆధారమైన వస్తువులు కొన్నియే మిగిలినవి. వానిలో గోడమీది పటమొకటి. హంసతో మాటాడుచున్న ఆ స్త్రీ ఎవరని పిల్లవాడడిగినచో నాయనమ్మ చెప్పు జవాబు తెలుగులోనే వచ్చును. ఆ పటములెట్లు పుట్టినవి, మన యిండ్లకెట్లు వచ్చినవి, వానిని గుర్తించుటెట్లు, కాపాడుటెట్లు అను సంగతులను తల్లిదండ్రుల కొరకు కొంచెము విపులముగా చెప్పదలచితిమి.

అచ్చు రాకముందు మంచి రంగుల పటము కలవారి సొత్తు. తంజావూరు పటములనే చూడుడు. చెక్కపై గుడ్డ అంటించి, సుద్దతో ఉబ్బెత్తు చేసి, బంగారు రేకు తాపి, రాళ్లు పొదిగి ఒక్కొక్క కృష్ణుని తీర్చుటకు ఎంతో కాలము పట్టెడిది. ఆ పని చేసినవారిలో తంజావూరు ప్రాంతపు రాజులును, మధుర నాయుడులును ముఖ్యులు. వీరు తెలుగు దేశమునుండి దక్షిణమునకు వచ్చి స్థిరపడిన, తెలుగు మాటాడు కుటుంబములవారని కళాచరిత్రకారులు చెప్పుదురు. అనగా మన పూర్వులలో కొందరు ఈ నేలకు కుంచె చేతబట్టియే వచ్చిరన్నమాట. అయినను వారు చేసిన పటము సంస్థానములకును, మఠములకును, పెద్ద వర్తకుల యిండ్లకును పోయెనే కాని, నేతగాని యింటికిగాని, కూలివాని గుడిసెకుగాని పోలేదు. దానికి యంత్రము రావలసివచ్చెను.

ఆ యంత్రమునకు మూలము ఒక రాయి. జర్మనీలోని మ్యూనిక్ నగరమున ఆలోయిస్ సెనెఫెల్డర్ అను నాటకకర్త యుండెను. తన నాటకములను చౌకగా అచ్చువేసికొను మార్గము వెదకుచు అతడు రాగిరేకులతోను, సున్నపురాతి పలకలతోను ప్రయోగములు చేయుచుండెను. 1796లో ఒకనాడు తల్లి చాకలి పద్దు వ్రాసికొమ్మనగా, చేతికి కాగితము దొరకక, మైనము కలిపిన సిరాతో ఆ రాతిమీదనే పద్దు వ్రాసెనని అతడే తరువాత చెప్పుకొన్నాడు. అక్కడినుండి రెండేండ్లలో శిలాముద్రణ, అనగా లితోగ్రఫీ, సిద్ధమయ్యెను. చాకలిపద్దునుండి లక్ష్మీదేవి పటము వరకు వచ్చిన దారి ఇది.

ఇందలి కిటుకు మన వంటయింటిలో నిత్యము చూచునదే. నూనెకును నీటికిని పొత్తు కుదరదు. నునుపుగా అరగదీసిన సున్నపురాతిపై జిడ్డు సిరాతోగాని, జిడ్డు పెన్సిలుతోగాని బొమ్మ గీయుదురు. కుడియెడమలు అద్దములో వలె తారుమారుగా గీయవలెను. లేనిచో సరస్వతి వీణ ఎడమచేతివాటమగును. తరువాత తుమ్మజిగురులో కొంచెము నత్రికామ్లము కలిపి రాతిపై పూయుదురు. జిడ్డు గీత ఉన్నచోటు జిడ్డునే కోరును. లేనిచోటు నీటిని పీల్చుకొనును. రాతిని తడిపి, సిరా రోలరును దొర్లించినచో సిరా గీతలకే అంటును, తడిచోట అంటదు. కాగితము వేసి అదిమినచో బొమ్మ దిగును. చెక్కుట లేదు, త్రవ్వుట లేదు. చిత్రకారుని చేతి ఒత్తిడి ఎట్లున్నదో అట్లే కాగితముపైకి వచ్చును. ఇదియే దీని గొప్పతనము.

రంగుల పటమునకు ఒక్క రాయి చాలదు. ఎరుపునకొక రాయి, పసుపునకొకటి, మేనిచాయకు రెండు మూడు, చీర నీడలకు మరికొన్ని. ఈ విధముగా ఒక్క పటమునకు పదికి మించిన రాళ్లు పట్టుట సామాన్యము. ఒకే కాగితము అన్ని రాళ్లక్రిందికిని పోవలెను. వెంట్రుకవాసి జరిగినను దేవి పెదవి చెక్కిలిపైకి పోవును. ఫ్రాన్సులో గోడెఫ్రాయ్ ఎంగెల్మన్ 1837లో ఈ రంగుల పద్ధతికి పేటెంటు పొందెను. పిమ్మట వార్నిషు పూసి, గుడ్డమీద వేసిన తైలచిత్రమువలె కనబడుటకు కాగితముపై నేతగీతలను ఉబ్బెత్తుగా అదుముట వాడుకలోనికి వచ్చెను. అట్టి పటమునే ఓలియోగ్రాఫు అందురు. పెద్దలు దీనినే ‘నూనె పటము’ అని చెప్పగా మేము విన్నాము. ఆ మాట తప్పు కాదు.

ఐరోపాలో ఇట్టి పటము ఏ గోడకు వ్రేలాడెనో చూచినచో మన కథకు పనికివచ్చు సంగతి యొకటి తెలియును. ఇంగ్లండులో ఇంటికి నడుమ భాగము చలి కాచుకొను గోడపొయ్యి. గోడలోనే గూడు కట్టి, పైకి పొగగొట్టము పెట్టి, గూటి చుట్టును పాలరాతితోగాని, పోతయినుముతోగాని, కొయ్యతోగాని అలంకారపు చట్రము నిలుపుదురు. దానిపై అరుగువంటి పలక. ఆ పలకపై గడియారము. ఆపైన గోడకు పటము. కుటుంబమంతయు సాయంకాలము అటు ముఖము పెట్టి కూర్చుండును గనుక మంచి పటము అక్కడనే ఉండవలెనని వారి నియమము. మనకు పూజామందిరపు గోడ యెట్టిదో వారికి ఆ గోడ అట్టిది. ఉదకమండలము, కొడైకెనాలు పోయినవారు పాత బంగళాలలో ఇట్టి పొయ్యిలను చూచియే యుందురు.

ఆ పొయ్యి కథ చాల పెద్దది. 1662 నుండి 1689 వరకు ఇంగ్లండులో పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల పన్ను ఉండెను. ఇంటిలో ఎన్ని పొయ్యిలున్నవో లెక్కించుటకు అధికారులు గదులలోనికి వచ్చుట జనులకు కంటగింపయ్యెను. బొగ్గు వాడుక పెరిగినకొలది పొగగొట్టములు సన్నబడినవి. ఆ సన్నని గొట్టములలోనికి చిన్నపిల్లలనెక్కించి మసి గీయించు దురాచారము 1875 నాటి చట్టము వచ్చువరకు పూర్తిగా ఆగలేదు. అందమైన పాలరాతి పొయ్యిని మెచ్చుకొనువారు దాని వెనుక గొట్టములోనున్న పిల్లవానినికూడ తలచుకొనుట న్యాయము.

పొయ్యికిని అచ్చు పటమునకును మరియొక చుట్టరికము కలదు. పొయ్యి ప్రక్కలకు పింగాణి పలకలు తాపుట ఆచారము. ఒక్కొక్క పలకపై చేతితో బొమ్మ వేయుట ఖరీదు పని. లివర్‌పూలు పట్టణమున జాన్ శాడ్లర్, గై గ్రీన్ అను ఇద్దరు, రాగిరేకునుండి కాగితముపైకి దింపిన బొమ్మను పలకపై అంటించు ఉపాయమును కనిపెట్టి, 1756 జూలై 27న ఆరు గంటలలో 1200లకు పైగా పలకలపై బొమ్మలు అచ్చువేసితిమని ప్రమాణము చేసిరి. అచ్చు బొమ్మ పొయ్యినికూడ అలంకరించినదన్నమాట. తరువాతి కాలమున జపానునుండి మన దేశమునకు దిగుమతియైన పింగాణి పలకలలో కొన్నింటిపై మన దేవతలే కనబడుదురు. పాత మిద్దెల గోడలలో అవి ఇప్పటికిని అక్కడక్కడ మిగిలియున్నవి.

1952 డిసెంబరులో లండను నగరమును బొగ్గు పొగయు మంచును కలిసి ఐదు దినములు కప్పివేసెను. నాటి లెక్కల ప్రకారమే నాలుగు వేల మంది మరణించిరి. 1956లో గాలి శుభ్రతకు చట్టము వచ్చెను. ఇండ్లలో బొగ్గు మంటలు ఆరిపోవసాగెను. అప్పుడు వేలకొలది కుటుంబములు తమ తాతలనాటి పొయ్యిలను పీకి పారవేసినవి, లేదా వానిపై అట్టపలకలు కొట్టి కప్పివేసినవి. ఒక తరము గడచినంతనే వారి బిడ్డలు అవే పొయ్యిలను, పోతయినుము చట్రములను, బొమ్మల పలకలను పాత వస్తువుల అంగళ్లలో వెదకి గొప్ప వెలలిచ్చి కొనితెచ్చుకొనసాగిరి. పొగ పోవలసినదే, దానితోపాటు చట్రమును పారవేయవలసిన పని లేకుండెను. మన పటముల విషయమున ఈ రెండు పనులలో మొదటిది ఇప్పుడు జరుగుచున్నది.

ఇక మన దేశమునకు వత్తము. రాతి అచ్చుతో దేవతాపటములు వేయు పని కలకత్తాలోను పూనాలోను ముందు బలపడెను. కలకత్తా ఆర్ట్ స్టూడియో, పూనాలోని చిత్రశాలా ప్రెస్సు, రెండును 1878లోనే ఆరంభమైనవి. అయినను దేశమంతటను గోడలను జయించినది రాజా రవివర్మ పేరు.

రవివర్మ 1848లో తిరువాన్కూరు సంస్థానములోని కిళిమానూరున జన్మించెను. ఇక్కడ మన పాఠకులు గమనింపదగిన సంగతి యొకటి. స్వాతి తిరునాళ్ మహారాజు కొలువులో మధురనుండి వచ్చిన అలగిరి నాయుడు అను చిత్రకారుడుండెను. రవివర్మకు తొలి పాఠములు చెప్పిన మేనమామ రాజరాజవర్మ ఈ నాయుడుగారికి శిష్యుడు. తరువాత కొలువులో నున్న మధుర చిత్రకారుడు రామస్వామి నాయకరు తైలవర్ణముల రహస్యమును రవివర్మకు నేర్పుటకు ఇష్టపడలేదని చెప్పుదురు. 1868లో వచ్చిన థియోడార్ జెన్సన్ అను దొర పని చేయుచుండగా చూచుటకు మాత్రము అనుమతి దొరకెను. ఒకరు నేర్పిరి, ఒకరు దాచిరి; మధుర వారి పాత్ర రెండు విధములను కలదు.

రవివర్మ చిత్రములకు రాజాస్థానములలో గిరాకి మిక్కుటమయ్యెను. ఒక చేయి ఎన్ని చిత్రములు వేయగలదు? వానిని ఐరోపాకు పంపి ఓలియోగ్రాఫులుగా అచ్చువేయించినచో ఆయనకు కీర్తియు దేశమునకు సేవయు కలుగునని దివాను సర్ టి. మాధవరావు సలహా యిచ్చెను. ఐరోపాకు పంపుటకు మారుగా రవివర్మయు ఆయన తమ్ముడును జర్మనీనుండి యంత్రములను, పనివారిని రప్పించి 1894లో బొంబాయిలో ముద్రణాలయమును స్థాపించిరి. అక్కడ తొలుత వెలువడిన పటము శకుంతలా జననము. బొంబాయిలో ప్లేగు చెలరేగిన పిమ్మట, 1899లో, ముద్రణాలయము లోనావళా సమీపమున కార్లా గుహలకు దగ్గరనున్న మళవలి గ్రామమునకు మారెను. చిత్రకారునికి వ్యాపారము అచ్చిరాలేదు. అప్పులు పెరిగి, 20వ శతాబ్ది తొలి సంవత్సరములలోనే దానిని ఫ్రిట్జ్ ష్లైచర్ అను తన జర్మను పనివానికి అమ్మివేసెను. రవివర్మ 1906లో మరణించెను. ముద్రణాలయము మాత్రము ఆయన పేరుతోనే ఎన్నో యేండ్లు నడచి 1972లో అగ్నికి ఆహుతియయ్యెను. ‘రాజా హరిశ్చంద్ర’ చలనచిత్రమును 1913లో తీసిన ఫాల్కే కూడ అంతకు ముందు కొంతకాలము ఆ ముద్రణాలయమునకు పని చేసినవాడే. కదలని పురాణమునుండి కదలు పురాణమునకు దూరము స్వల్పమే.

ఆ పటములు చేసిన పని యేమి? అణాలు చెల్లించి కొనగలిగిన లక్ష్మియు సరస్వతియు మొదటిసారి సామాన్యుని యింటికి వచ్చిరి. ఆ దేవతలకు రవివర్మ చీర కట్టెను; ఆ కట్టు దేశములోని స్త్రీలందరికిని ఇంచుమించు మాదిరియయ్యెను. ఇంతకంటె గొప్ప సంగతి వేరొకటి కలదు. గుడి గడప తొక్కనీయబడని కులములవారు మన తెలుగువారిలోను కలరు. పొట్టకూటికై మద్రాసు రేవునకును, కోలారు గనులకును, బొంబాయి కామాటిపురమునకును వలసపోయినవారిలో అట్టివారు చాలమంది. తిరువాన్కూరులో ఆలయప్రవేశ ప్రకటన వచ్చినది 1936లో గదా! ఆ ప్రకటనకు నలువది యేండ్లు ముందే అచ్చు పటములోని దేవుడు కులమడుగక ప్రతి గోడకును వచ్చినాడు. పూజారి లేడు, గడప లేదు. మేకు ఒక్కటి చాలును. కావుననే అట్టి యింటిలోని మాసిన పటమును చూచి ఇది చౌకబారు సరుకు అనువారితో మేము ఏకీభవింపము.

కళ తెలిసినవారు రవివర్మను మెచ్చుకొనిన వారేకాదు, తూలనాడినవారును కలరు. ఆయన దేవతలు నాటకరంగముపైని పాత్రలవలె నిలుతురనియు, అందు భారతీయ భావన లోపించినదనియు ఆనంద కుమారస్వామి విమర్శించెను. ఆ విమర్శలో కొంత నిజము లేకపోలేదు. దేవతలందరికిని ఒకే పచ్చని మేనిచాయ, ఒకే ముక్కుతీరు అలవాటై, నల్లని పిల్లను చూచి ఈమె లక్ష్మి కాదని చిన్నపిల్లలనునంతటి దురభిప్రాయమునకు ఈ పటములే కొంతవరకు కారణమేమో ఆలోచింపదగును. ఇంట పటమును చూపి కథ చెప్పునప్పుడు తల్లిదండ్రులు ఈ మాటకూడ చెప్పవలెనని మా అభిప్రాయము.

అయినను మన పిల్లలకు ఈ పటములంత తేలికగా దొరకు తెలుగు వాచకము మరియొకటి లేదు. హంసతో మాటాడు దమయంతి పటము ఇంట నున్నచో శ్రీనాథుని శృంగారనైషధము పేరు చెప్పుటకు అదియే సమయము. విశ్వామిత్రుడు ముఖము త్రిప్పుకొనగా మేనక పసిబిడ్డనెత్తి చూపుచున్న పటము శకుంతల కథకు మొదలు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని శృంగారశాకుంతలము ఆ కథయే. రావణుని కత్తికి రెక్క తెగిన జటాయువు, సముద్రునిపై బాణమెక్కుపెట్టిన రాముడు: పిల్లవాడు పద్యము చదువలేకపోయినను పటము చదువగలడు. పటము చదివినవాడు పద్యమునకు వచ్చుట కష్టము కాదు.

మన దక్షిణ జిల్లాలలో ఈ కథకు రెండవ భాగము నడచెను. శివకాశిలో 1920ల తరువాత అగ్గిపెట్టెల పరిశ్రమ పెరిగి, ఆ పెట్టెలకు చీటీలు అచ్చువేయుటకు రాతి ముద్రణాలయములు వెలసి, క్రమముగా దేశమునకంతకును కేలండరు పటములు అక్కడినుండియే పోవసాగెను. ఆ కేలండర్లకు దేవతలను చిత్రించినవారిలో సి. కొండయ్య రాజు అగ్రగణ్యుడు. 1898లో జన్మించి, మద్రాసు చిత్రకళాశాలలో చదివి, కొంతకాలము అరుణాచలమున రమణాశ్రమములో గడపి, నాటకసంఘములకు తెరలు వ్రాసి, 1940లలో కోవిల్‌పట్టిలో స్థిరపడెను. అక్కడ శిష్యులను తయారుచేసి 1976లో మరణించెను. ఆ పేరు చూచినంతనే అది మనకు పరాయి పేరు కాదని తోచును. నేడు మన యిండ్లలోని మీనాక్షీ కల్యాణములు, గజలక్ష్ములు, మురుగన్ పటములు అనేకము ఆయన చేతిదో, ఆయన శిష్యుల చేతిదో.

మీ యింటి పటము రాతి అచ్చుదో, తరువాతి ఆఫ్‌సెట్టు అచ్చుదో తెలిసికొనుటకు చిన్న భూతద్దము చాలును. దేవి చెక్కిలిని భూతద్దములో చూడుడు. ఆఫ్‌సెట్టు అచ్చయినచో సన్నని చుక్కలు ముగ్గు చుక్కలవలె వరుస తప్పక కనబడును. రాతి అచ్చయినచో చుక్కలు చిన్నవి పెద్దవి కలగాపులగముగా, చేయి పెట్టినట్లుండును; ఒక రంగుపై మరియొక రంగు పొరవలె కప్పియుండును. వార్నిషు మెరుపు, నేతగీతల ఉబ్బెత్తు ఉన్నచో అది ఓలియోగ్రాఫు. పిమ్మట క్రింది అంచు చూడవలెను. ముద్రణాలయము పేరు, ఊరు, లేదా జర్మనీలో అచ్చయినదను మాట అచ్చటనే ఉండును. పటము కట్టినవారు చట్రమునకు సరిపడుటకై ఆ అంచును కత్తిరించుట లేదా లోపలికి మడచుట కలదు. కావున అంచు లేనంతమాత్రమున పటము క్రొత్తదనుకొనరాదు. కొన్ని పటములలో దేవి చీరకు నిజమైన పట్టుగుడ్డ, జరీ, తళుకుబిళ్లలు అతికియుండును. అది ఇంటి ఆడవారి చేతిపని కావచ్చును. అట్టివి చెట్టినాడు ఇండ్లలో ప్రసిద్ధము. అచ్చు వేలకొలది ఒకే తీరుగా వచ్చినను ఆ అలంకారము మాత్రము ఒక్కటే; రెండవ ప్రతి ఎక్కడను ఉండదు.

కాపాడుట విషయమున మొదట ఒక నమ్మకమును గూర్చి చెప్పవలెను. పగిలిన పటము ఇంట ఉండరాదందురు. దానిని రావిచెట్టు మొదట పెట్టుటయో, ఏటిలో కలుపుటయో ఆచారము. ఆచారమును మేము ఆక్షేపింపము. పగిలినది అద్దము కాని పటము కాదు. అద్దము మార్పించినచో పటము పగిలినది కాకపోవును. పురోహితునడిగినను ఇందుకు అడ్డుచెప్పడని మా నమ్మకము.

పటమునకు శత్రువులు తేమ, ఎండ, మసి, పురుగు. అన్నింటికంటె తేమ చెడ్డది. వాన కొట్టు బయటి గోడకును, స్నానపుగది గోడకును పటము తగిలింపరాదు. చట్రము గోడకు ఆనుకొనియున్నచో వెనుక చెమ్మ నిలుచును. సీసా బిరడాను కోసి నాలుగు ముక్కలు చట్రము వెనుక మూలలకు అతికించినచో వ్రేలి మందమున గాలి ఆడును. ఇంతకంటె చౌకయైన మందు లేదు. అద్దము లోపల కాగితము అద్దమునకే తగులుచున్నచో వర్షాకాలమున వార్నిషు కరగి అంటుకొనును. రెంటి నడుమ అట్టతో కిటికీవలె కోసిన చట్రము పెట్టింపుడు. పాత పటముల వెనుక దేవదారు పలకలు కొట్టియుండును; ఆ పలకల సందులవెంట కాగితముపై గోధుమరంగు చారలు పడుటకు కారణము కొయ్యలోని ఆమ్లము. పలకకును కాగితమునకును నడుమ ఆమ్లములేని అట్ట వేయవలెను. చిత్రకళా సామగ్రి అమ్ము అంగళ్లలో అది దొరకును.

ఎండ రంగును తినివేయును. ఎరుపు, పసుపు ముందు పోయి నీలము మిగులును. ఫలహారశాలలలోని పాత కేలండరు దేవతలు నీలివర్ణమునకు తిరుగుట ఇందువలననే. కిటికీకెదురుగా తగిలింపరాదు. ట్యూబులైటు కూడ మితముగానే మంచిది.

మసి సంగతి సున్నితమైనది. ఇంగ్లండులో పొయ్యిపై వ్రేలాడిన చిత్రములు బొగ్గు పొగకు నల్లబడినట్లే మన పటములు నూనెదీపమునకును, అగరువత్తికిని, కర్పూరమునకును నల్లబడును. దీపము మానుమని మేము చెప్పము. దీపమును పటము క్రిందనే కాక మూరెడు ముందునకు జరిపిన చాలును. చందనము, కుంకుమ అద్దముపై పెట్టవలెను. అద్దము లేని పటముపై పెట్టినచో తడి కాగితములోనికి దిగును. పండుగనాడు అద్దముపై నీళ్లు పోసి కడుగు అలవాటు కలదు. ఆ నీరు క్రింది చట్రములోనికి దిగి కాగితపు అంచును పట్టుకొనును. మెత్తని గుడ్డను తడిపి, గట్టిగా పిండి, తుడువవలెను.

చెదలకును పుస్తకపు పురుగులకును పిండిజిగురు పరమాన్నము. పట్టుగుడ్డ అతికించిన పటములు మొదట వానికే బలియగును. సంవత్సరమునకొకసారి పటమును దింపి వెనుకవైపు చూచుట ఒక్కటే ఉపాయము. బూజు పట్టినచో నీడలో గాలికి ఆరబెట్టి మెత్తని కుంచెతో దులుపవలెను. ఎండలో పెట్టినచో కాగితము ముడుచుకొనును. చిరిగినచోట సెల్లోటేపు అంటించుట, ప్లాస్టిక్కు పొరలో వేడితో అతికించుట, ఈ రెండును చేయరాదు. ఈనాటి అంగడివాడు రెండవదానిని లామినేషను అని చెప్పి పది నిమిషములలో చేసి యిచ్చును. అది మరల విప్పుటకు వీలులేని పని. కాగితము అద్దమునకు అంటుకొనిపోయినచో ఊడబెరుకుటకు ప్రయత్నింపక, అద్దముతోనే ఉంచి, తెలిసినవారికి చూపవలెను.

రాబోవు సరస్వతీపూజకు పాఠశాలలో పాత పటముల ప్రదర్శన పెట్టవలెనని సంఘమువారు తలచుచున్నారు. పటమును పాఠశాలకు తేనక్కరలేదు. త్రోవలో అద్దము పగులునను భయమునకు తావీయక, సెల్‌ఫోనుతో ముందువైపును, వెనుకవైపును ఛాయాచిత్రము తీసి పంపినచో చాలును. వెనుకవైపు మరువరాదు. పటము కట్టిన అంగడి చీటీ, లోపల వేసిన పాత వార్తాపత్రిక తేదీ, ఎవరో తెలుగులో వ్రాసిన కొన్న దినము, బిడ్డ పుట్టిన తిథి, ఇట్టివి అచ్చటనే దొరకుచున్నవి. ఊరి పేరు మారినను, ఇంటిపేరు మరచినను పటము వెనుక మాత్రము నిలిచియున్న కుటుంబములను మేమెరుగుదుము. ప్రతి విద్యార్థియు తన యింటి పటమొకదాని కథను పెద్దలనడిగి తెలుగులో ఒక పుటకు మించక వ్రాయవలెను. ఆ పటము ఎవరు కొనిరో, ఏ యింటినుండి ఏ యింటికి వచ్చెనో తెలిసినంతవరకు అందు చేర్చవలెను.

వెనుక అట్టపై ఏమియు వ్రాసియుండనిచో ఇప్పుడు వ్రాయవచ్చును. కాగితముపై కాక అట్టపైననే, పెన్సిలుతోనే వ్రాయుడు. కలము సిరా తేమకు ప్రాకి కొన్ని యేండ్లకు ముందువైపున దేవి ముఖముపైకి దిగును.